పడవ అవ్వను ఎందుకు తెచ్చారు

హిందూపురం,
31 ఆగస్టు 2025, ఆదివారం

ఆనంద్,

ఉత్తరం చూసి ఆశ్చర్యపోతావు. ఫోనులో మనిద్దరికీ కుదరడం లేదు. రెండు మాటలకే నువ్వు ఏడుస్తావు, నేను పెట్టేస్తాను. కాగితం మీద ఆ ఇబ్బంది లేదు. నువ్వు కూడా కాగితం మీదే జవాబు రాయి.

విషయం ఆట గురించి. మీ అక్క ఫోనులో ఆడిన కల్‌మోర్ ఆట. హేమావతి పోయి ఏడాది దాటింది. ఈ వేసవి నుంచి నేనూ ఆడుతున్నాను, నా ఫోనులో, వేరే పాత్రతో. నీకు చెప్పలేదు. డయాలసిస్ కుర్చీలో ఎడమచేతికి సూదులు పెట్టించుకుని, నాలుగు గంటల సేపు కుడిచేత్తో ఆమె ఏం చేసేదో తెలుసుకోవాలనిపించింది. నేను పక్కనే పేపరు చదువుతూ ఉండేవాణ్ణి. అటు ధర్మవరంలో నువ్వు చీరల అంచులు గీసే పని ఆపి ఆమెతో ఆడేవాడివి. మీరిద్దరూ దేనికో నవ్వుకునేవారు.

ఇప్పుడు దానికి రిటర్న్ అని ఎక్స్‌పాన్షన్, అంటే కథకు కొత్త భాగం, వచ్చింది. నాకు అర్థమైనంతవరకు కథ ఇది. తప్పైతే దిద్దు.

ఏటికి ఇటువైపు కాలిపోయిన ఊళ్ళు, అటువైపు కోట. మధ్యలో పడవ నడిపే ముసలామె. మీ అక్క ఆమెను పడవ అవ్వ అనేది. పాత కథ చివర అవ్వ అందరినీ దాటించి, ఆఖరి పడవతో తాను మునిగిపోతుంది. పడవ నెట్టే గడ ఒక్కటి ఒడ్డుకు కొట్టుకొస్తుంది. ఆ తర్వాత ఆటగాళ్ళలో ఇష్టమున్నవాళ్ళు ఆ గడ ఎత్తుకుని కొత్తవాళ్ళను దాటించవచ్చు. దానికి బహుమానం ఏమీ లేదు. మీ అక్క పాత్ర, మల్లి, ఆ పని ఎత్తుకుంది. కథ ముగిసినా ముందుకు పోలేదు. రేవులోనే నిలిచింది.

కొత్త భాగంలో మొదటి పని రేవులో గంట కొట్టడం. కొట్టగానే పడవ అవ్వ నీళ్ళలోంచి లేచి వస్తుంది. బట్టలైనా తడవలేదు. నవ్వి, "ఎక్కండి" అంటుంది. ఎలా వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఒక్క మాట లేదు. తర్వాతి అధ్యాయాల్లో చెప్తారేమోనని చివరిదాకా ఆడాను. చెప్పలేదు. ఇప్పుడామె కోట బజారులో చేపలు అమ్ముతోంది. గంట కొట్టిన ఆటగాళ్ళ చేతుల్లో గడలు మాయమయ్యాయి. ఇది కథా?

ఫోరంలో ఆటగాళ్ళ అభిప్రాయాలు చదివాను. మూడేళ్ళు ఏడిపించిన చావును ఒక్క గంటతో తుడిచేశారని ఒకతను రాశాడు. చావును వెనక్కి తీయడం కంటే చేపలమ్మించడం పెద్ద తప్పని ఇంకొకతను. బొమ్మలు బాగున్నాయి, కథ ఎవరిక్కావాలని ఒకామె. ఎర్రకాకి అని పేరు పెట్టుకున్నవాడు, అవ్వ లేచి రాగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టానని రాశాడు. వందలమంది మెచ్చుకున్నారు. "చప్పట్లు కొట్టినవాడు ఇంట్లో ఎవరినీ పోగొట్టుకుని ఉండడు" అని వాడికి జవాబు రాశాను. కింద నా పేరు, ఊరు కూడా రాశాను. అక్కడ ఎవరూ అలా రాయరని తర్వాత తెలిసింది.

అసలు చెప్పదలచింది ఇది. మల్లి ఇంకా రేవులోనే ఉంది. ఆమె గంట కొట్టలేదు. పాస్‌వర్డు నీకూ తెలుసు. దయచేసి ఆమె చేత కొట్టించవద్దు.

నంజుండప్ప

*

ధర్మవరం,
7 సెప్టెంబర్ 2025

బావకు ఆనంద్ నమస్కారాలు.

నీ జాబు తెచ్చిన పోస్టుమాన్ పోతులయ్య వాకిట్లోనే నిలబడిపోయాడు. "ఏమప్పా, ఈ కాలంలో గూడా జాబులు రాసేవోళ్ళు ఉండారా? కోర్టు నోటీసేమో చూడు ముందు" అన్నాడు. మా బావ రాశాడంటే, "అయితే నోటీసే" అని నవ్వుకుంటూ పోయాడు.

నువ్వు ఆడుతున్నావని చదివి, కాగితం పట్టుకుని కాసేపు బయటికి వెళ్ళి నిలబడ్డాను. మంజుల ఏమైందని అడిగింది. "మా ఆయన ఏడుస్తున్నాడని ఎవరికీ చెప్పకు" అన్నాను. కాగితం మీద ఆ ఇబ్బంది లేదని రాశావు గానీ, ఉంది బావా.

కథ సంగతిలో నీతో ఏకీభవించను. నీ మార్కెట్ ఉద్యోగంలో పట్టుగూళ్ళు అరచేతిలో నొక్కి, ఇది మెత్తన, ఇది మచ్చ అని గ్రేడు వేసినట్టు కథకూ వేస్తున్నావు. మూడో అధ్యాయం చెత్త, ఒప్పుకుంటాను. రాజు ఎందుకు అలిగాడో రాసినవాళ్ళకే తెలియదు. చేపల బజారు మరీ అన్యాయం. కానీ ముసలామె తిరిగొస్తే నీకేం నష్టం? గంట కొడితే ఒక మనిషి లేచి రావడం నాకు చూడాలనిపించింది. చూశాను. ఒక పాత్రకు ఒక్కసారే కొట్టనిస్తారు కాబట్టి కొత్త కొత్త పాత్రలు పుట్టించి మళ్ళీ మళ్ళీ కొట్టాను. ఆ సన్నివేశం దాకా ఆడి వదిలేస్తాను. ఎర్రకాకిని మాత్రం వదిలెయ్. ఎవరి కష్టం వాళ్ళకుంటుంది.

నీకు తెలుసో లేదో, కంపెనీ నోటీసు పెట్టింది. అక్టోబర్ 29 సాయంత్రం నాలుగున్నరకు పాత రేవు తీసేస్తారు. అప్పటికి గంట కొట్టని పాత్రలన్నీ కొట్టినట్టే లెక్క. అందరినీ కోటలో దించుతారు. అంటే మల్లిని ఎట్లాగూ దాటిస్తారు. వాళ్ళెవరో చేసే బదులు, ఆలోగా మనిద్దరం పక్కపక్కన కూర్చుని మనమే కొట్టిద్దాం బావా. ఆలోచించు.

ఇంకొకటి. 21న మహాలయ అమావాస్య. సంవత్సరీకం అయ్యాక ఇది మొదటిది. పెద్దలతో పాటు అక్కకూ పెట్టాలి. అమ్మ నిన్ను పెనుకొండకు రమ్మంటోంది. "ముత్తైదువగా పోయిన బిడ్డ. పసుపు, కుంకుమ, గాజులు, పట్టుచీరతో పెట్టల్ల. మొగుడు లేకుండా ఎట్ల?" అంటోంది. చీర మా మగ్గం మీదే నేయిస్తున్నాను. అంచు నేనే గీశాను. పెట్టిన చీరను తర్వాత ఇంటి ఆడబిడ్డకో కోడలికో నీ చేత్తో ఇయ్యాలి. రా.

ఇట్లు,
ఆనంద్

*

హిందూపురం,
14 సెప్టెంబర్ 2025

ఆనంద్,

నోటీసు చూశాను. కంపెనీకి రాశాను. చనిపోయిన ఒకరి పాత్ర ఉంది, దాన్ని ఉన్నచోటే ఉంచే వీలుందా అని అడిగాను. "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది. కొత్త ప్రయాణాన్ని ఆస్వాదించండి" అని జవాబు వచ్చింది. నేను అభిప్రాయం చెప్పలేదు, ప్రశ్న అడిగాను. అదే రాసి మళ్ళీ పంపాను. మళ్ళీ అదే జవాబు, ఈసారి నా పేరు తప్పుతో.

అవ్వ తిరిగొస్తే నాకేం నష్టమని అడిగావు. నష్టం నాకు కాదు. అవ్వ మునిగింది కాబట్టి గడ ఎవరో ఒకరు ఎత్తుకోవలసి వచ్చింది. కథలో నాకు నచ్చినది అదొక్కటే. ఎవరూ చెప్పకుండా, ఏమీ రాకుండా కొందరు ఆ పని చేశారు. ఇప్పుడు అవ్వ పొడిబట్టలతో వచ్చి ఎక్కండి అంటే, మధ్యలో గడ వేసినవాళ్ళు చేసినదంతా ఏమైనట్టు? ఆ ప్రశ్న రాసినవాళ్ళకు తట్టలేదు. ఫోరంలో కూడా పదిమందికి మించి తట్టలేదు. మిగతావాళ్ళ తగాదా గుర్రాల రంగు గురించి.

ఒకతను మాత్రం ఇలా రాశాడు. "రేవులో మల్లి అని ఒకామె ఉండేది. మాట్లాడేది కాదు. ఏమిచ్చినా తీసుకునేది కాదు. నేను ఆట మొదలుపెట్టిన రోజు ఏట్లో దూకి మూడుసార్లు చచ్చాను. ఆమే ఎక్కించుకుంది. ఏడాదిగా కదలకుండా నిలబడి ఉంది. అవ్వ వచ్చేసింది కదా, ఇక ఆమె అవసరం లేదేమో." చివరి వాక్యం వ్యంగ్యంగానే రాసి ఉంటాడు. నేను ఫోను పక్కన పెట్టేశాను.

గంట కొట్టిద్దాం అన్నావు. వద్దు. మళ్ళీ అడగకు.

అమావాస్యకు రాలేను. ఆ రోజు మార్కెట్లో డ్యూటీ. అది అబద్ధం కాదు. కాకపోతే అడిగి వేయించుకున్నాను. అత్తమ్మకు డ్యూటీ అని మాత్రం చెప్పు. చీర నా బదులు నువ్వు పెట్టు.

నంజుండప్ప

*

పెనుకొండ,
22 సెప్టెంబర్ 2025

బావా,

నిన్న పెట్టాము. నల్లమ్మ పెద్దమ్మ కూడా వచ్చింది. ఓళిగలు, అలసందల వడలు, అక్కకిష్టమని గోరుచిక్కుడు కూర. పటం ముందు చీర పెట్టి అమ్మ చాలాసేపు అక్కడే కూర్చుంది. ముదురాకుపచ్చ చీర, ఎర్ర అంచు, అంచులో మామిడిపిందెలు. అక్కకు అంచు వెడల్పుగా ఉంటే నచ్చదు. సన్నగానే గీశాను.

చీర ఎవరికివ్వాలన్న దగ్గర ఆగిపోయింది. మంజుల చెయ్యి చాచబోతే అమ్మ ఆపింది. "వాడు రాలేదు గదా. దాని మొగుడు బతికుండంగా నేనెట్ల ఇస్తానే? వాడు ఇచ్చినప్పుడే కట్టుకుందువు" అంది. చీరను మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టింది. మంజుల ముఖం చూడలేకపోయాను. నువ్వు ఒక్క మాట పంపి ఉంటే సరిపోయేది. డ్యూటీ అని చెప్పమన్నావు, చెప్పాను. "ఆదివారం పూట ఏం డ్యూటీరా, పురుగులేమన్నా ఏడుస్తాయా వాడు పోకుంటే?" అని అమ్మ అడిగింది.

ఇంకో సంగతి చెప్పకూడదనే అనుకున్నాను. కానీ చెప్తున్నాను. ఎర్రకాకి నేనే బావా. ఇంట్లో ఎవరినీ పోగొట్టుకుని ఉండడని నువ్వు రాసింది నాకే. కింద నంజుండప్ప, హిందూపురం అని కూడా ఉంది. పనిలో ఉండగా చదివాను. నీకు తెలియదని తెలుసు. అయినా అక్క నీకు భార్య అయితే నాకు ఎవరూ కానట్టు అనిపించింది. నన్ను చంకన వేసుకుని పెంచిన మనిషి. గంట కొడితే ఎవరైనా లేస్తారేమోనని చూసినవాణ్ణి నువ్వు వందలమంది ముందు తిట్టావు.

అమ్మ నా చేత నిన్న ఇంకో పని కూడా చేయించింది. రాస్తే నవ్వుతావు. వచ్చినప్పుడు చెప్తాను.

ఆనంద్

*

హిందూపురం,
28 సెప్టెంబర్ 2025

ఆనంద్,

నవ్వలేదు.

నా ఆటలో స్నేహితుల జాబితా ఉంది. అందులో ఒక్క పేరే. పక్కన నడుము దాకా బొమ్మ కనిపిస్తుంది. నేను ఆడటం మొదలుపెట్టినప్పటి నుంచి మల్లి నీలం అంగీతోనే ఉంది. ఈ రోజు ఎర్రంచు అంగీతో ఉంది. ఆ అంగీ గంట కొట్టి మొదటి అధ్యాయం ముగించినవాళ్ళకే ఇస్తారు. నాకూ ఇచ్చారు, నేను తొడగలేదు.

రెండుసార్లు రాశాను. వద్దన్నాను. మళ్ళీ అడగకు అన్నాను. నువ్వు అడగలేదు, కొట్టించేశావు. నెల రోజులు ఓపిక పడితే కంపెనీవాళ్ళే చేసేవాళ్ళు. అపరిచితులు చేసినదైతే భరించేవాణ్ణి.

ఎర్రకాకి సంగతి. తెలియక రాశాను. ఆ మాట నీకు వర్తించదు. ఫోరంలో తీసేశాను. తీసేసిన రెండో రోజే ఇది చూశాను.

అత్తమ్మ చేయించిందని నాకు చెప్పకు. ఆమెకు ఫోనులో ఆకుపచ్చ బొత్తాం తప్ప ఏదీ తెలియదు.

పాస్‌వర్డు మార్చాను. చీర సంగతి ఇక నన్ను అడగవద్దు.

నంజుండప్ప

*

ధర్మవరం,
5 అక్టోబర్ 2025

బావా,

నీ ఉత్తరం చదివి చించేద్దామనుకున్నాను. మంజుల లాక్కుని దాచింది. వారం ఆగి రాస్తున్నాను కాబట్టి మర్యాదగానే రాస్తాను.

జాబితాలో బొమ్మ చూశావు. నడుము దాకా. లోపలికి పోయి రేవు చూశావా? చూడలేదని నాకు తెలుసు. ఏడాదిగా నువ్వు ఆమె ఫోను ఛార్జి పెడుతున్నావు గానీ ఆట తెరవలేదు. పాస్‌వర్డు మార్చేటప్పుడు కూడా తెరవకుండానే మార్చి ఉంటావు.

జరిగింది చెప్తాను. అమావాస్య రోజు ఆకు వేసి, చీర పెట్టి, ఇక కర్పూరం వెలిగించాలి. అమ్మ నా వైపు తిరిగింది.

"ఒరే, ఆ ఫోన్లో అక్క బొమ్మ ఉండాదంటివే, అది ఇంకా ఉండాదా?"

"ఉండాది మా. ఏటిగట్టున నిలబడుకోనుండాది."

"ఏం గుడ్డ కట్టుకోనుండాది?"

"నీలం అంగీ. మాసిపోయినాది."

"ఏడాదిగా అదేనా? ఏందిరా మీరు! ఈడ పటానికి పట్టుచీర పెట్టి, ఆడ దాన్ని మాసిన గుడ్డల్లో నిలబెడతారా? దానికీ పెట్టు."

"అది ఉత్తి బొమ్మ మా."

"ఇది మాత్రం పటం గాదేంది?"

దీనికి జవాబు నీకు వస్తే రాయి. నల్లమ్మ పెద్దమ్మ అంతలోనే కల్పించుకుని, "దాంట్లో జరీ ఉండేవి గూడా ఇస్తారా అబ్బోడా?" అని అడిగింది.

ఆ అంగీ నేను గెలిచింది. నా పాత్ర సంచిలోంచి తీసి మల్లికి కానుకగా పంపాను. కానుకగా ఎవరికైనా పంపవచ్చు, గంటతో పని లేదు. నీకు ఆ సంగతి తెలియదు, ఎందుకంటే నీకు ఆటలో కానుకలిచ్చేవాళ్ళు లేరు. తర్వాత అక్క పాస్‌వర్డుతో లోపలికి పోయి తొడిగాను. ఎర్రంచు కాబట్టే అది ఎంచుకున్నాను, చీర అంచుతో కలుస్తుందని. అడుగు కదపలేదు. అమ్మ ఫోను తీసుకుని పటం పక్కన ఆనించి, రెంటికీ కలిపి హారతి ఇచ్చింది. తెర మీద కుంకుమ పెట్టబోతే నేనే ఆపాను.

ఇదీ నేను చేసిన నేరం. నువ్వు వచ్చి ఉంటే నీ కళ్ళ ముందే జరిగేది. నువ్వు రాకుండా, చూడకుండా, అడగకుండా తీర్పు రాశావు. పోతులయ్య అన్నట్టు నీ జాబు నోటీసే.

ఆనంద్

*

హిందూపురం,
12 అక్టోబర్ 2025

ఆనంద్,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. ఆ రోజే ఆట తెరిచాను. నువ్వన్నది నిజం, ఇదే మొదటిసారి.

రేవులోనే ఉంది. గంట తాడు ఆమెకు బారెడు దూరంలో వేలాడుతోంది. చేతిలో గడ ఉంది. కొత్త అంగీ గాలికి కదులుతోంది. నప్పలేదనుకున్నాను. కాసేపు చూశాను. నప్పింది.

నేను పొరబడ్డాను. నీకూ, అత్తమ్మకూ అది చెప్పాలి. ఆమె అడిగిన ప్రశ్నకు నా దగ్గర కూడా జవాబు లేదు. కొత్త పాస్‌వర్డు మీ అక్క పుట్టిన ఊరి పేరు, ఆమె పుట్టిన సంవత్సరం.

కథ గురించి నా అభిప్రాయం మారలేదు. ఇంకా చెడ్డగా ఉంది. రేవు తీయవద్దని ఆటగాళ్ళు అర్జీ పెట్టారు. నేనూ సంతకం చేశాను. కథ రాసినవాళ్ళలో ఒకరు జవాబిచ్చారు. విషాదం ఆటగాళ్ళను అలసిపోయేలా చేస్తుందని తమ సర్వేలో తేలిందట. అందుకే అవ్వను తెచ్చారట. అలసిపోయింది ఎవరో నన్ను అడిగితే చెప్పేవాణ్ణి. మీ అక్క సూదులు తీశాక లేచి నిలబడలేకపోయేది. అప్పుడు కూడా, రేవులో ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు, ఆగండి అనేది. నాకు కోపం వచ్చేది. ఇంటికి పోదాం పద అనేవాణ్ణి. ఆమె వాళ్ళను దాటించాకే ఫోను కట్టేసేది.

29న సెలవు పెట్టాను. రేవు ఉన్నంతసేపు గడ వేస్తాను. మల్లితో. ఎవరైనా వస్తే దాటిస్తాను, రాకపోతే నిలబడతాను. గంట మాత్రం కొట్టను.

చిక్కేమిటంటే నాకు గడ వేయడం రాదు. నేను పాత కథ ముగించేసరికే అవ్వ తిరిగి వచ్చింది. నిన్న ఎవరూ లేనప్పుడు ప్రయత్నించాను. పడవ మూడుసార్లు రాళ్ళకు కొట్టుకుంది. ఎలాగో రాయి.

నంజుండప్ప

*

ధర్మవరం,
19 అక్టోబర్ 2025

బావా,

పెనుకొండ పోయి అమ్మకు చదివి వినిపించాను. పొరబడ్డానని నువ్వు రాసిన చోట, "సరేలే, వాడు ఆ మాట అన్నాడంటే నోరు ఎంత నొచ్చిందో" అంది. తర్వాత అందరికీ కాఫీ పెట్టింది.

గడ వేసే పద్ధతి. గడ గుర్తు మీద బొటనవేలు నొక్కి పట్టు. పడవ ముక్కు కొంచెం ఎడమకు తిరుగుతుంది. అప్పుడు వదిలెయ్. కంగారు పడి లాగితే రాళ్ళలోకి పోతుంది. వదిలాక ఏరే తీసుకుపోతుంది. నడిమిట్లో మళ్ళీ ఒకసారి నొక్కాలి. అవతలి ఒడ్డు దగ్గర ఏమీ చేయకూడదు. అక్క నాకు నేర్పుతూ, "మూడో వంతు పని నీది, మిగతాది ఏటిది. నువ్వు అంతా చేయబోతే మునుగుతావు" అనేది. నేను మొదటి రోజు ఎనిమిది మందిని ముంచాను. అప్పుడు నువ్వు విన్న నవ్వు అదే.

కథ చెడ్డదని ఒప్పుకుంటున్నాను. ఆ సర్వే జవాబు నేనూ చదివాను. నేను కూడా అలసిపోయినవాళ్ళ లెక్కలోనే ఉన్నానేమో, వాళ్ళ మాట పూర్తిగా తప్పని అనలేను. కానీ అవ్వ లేచి వచ్చే సన్నివేశం ఈ మధ్య చూడలేదు. నాలుగైదు సార్లు చూశాక ఆమె నా వైపు చూడదని గమనించాను. ఎవరు గంట కొట్టినా ఆమె చూసేది ఒకే చోటికి.

దీపావళికి కూడా రానంటావు, తెలుసు. అడగను.

ఆనంద్

*

ధర్మవరం,
30 అక్టోబర్ 2025

బావా,

నిన్న వరసలో నేనూ ఉన్నాను. నువ్వు గుర్తుపట్టలేదు. పట్టేవాడివి కాదు, కొత్త పాత్ర, ఒంటి మీద గోనెపట్ట తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నం మంజుల అన్నానికి పిలిస్తే రానని చెప్పి మగ్గాల దగ్గరే కూర్చున్నాను. వరస రేవు దాటి కాలిన ఊరి వీధుల దాకా ఉంది. మల్లి కదిలిందని ఎవరో ఫోరంలో పెట్టారట. తెలుగువాళ్ళు, తమిళులు, ఇంకా ఏ భాషో తెలియనివాళ్ళు. ఒక్కరు కూడా ముందుకు తోసుకోలేదు. బస్టాండులో కూడా అంత మర్యాద చూడలేదు.

నా వంతు వచ్చింది. ఎక్కాను. నడిమిట్లో నువ్వు రెండోసారి నొక్కడం కొంచెం ఆలస్యం చేశావు. పక్క రాయికి తగిలింది. అక్కకు తగిలేది కాదు. కానీ ముంచలేదు.

దిగి అవతలి ఒడ్డున నిలబడి చూశాను. నువ్వు ఖాళీ పడవతో వెనక్కి పోతుంటే ఎర్రంచు కనిపించింది. నాలుగున్నరకు తెర నల్లబడింది. నా చుట్టూ మగ్గాలు నడుస్తూనే ఉన్నాయి. చుట్టూ చూస్తే ఓబుళప్ప మగ్గం ఆపి నా వైపు చూస్తున్నాడు. "ఏమబ్బా, ఏమన్నా దారం తెగిందా?" అన్నాడు. లేదన్నాను.

నువ్వెట్లున్నావో రాయి.

ఆనంద్

*

హిందూపురం,
2 నవంబర్ 2025, ఆదివారం

ఆనంద్,

బాగానే ఉన్నాను. బొటనవేలు వాచింది.

గోనెపట్టవాళ్ళు చాలామంది ఎక్కారు, నువ్వెవరో తెలియలేదు. కొందరు ఇంతకాలం ఏమయ్యావని అడిగారు. మల్లి మాట్లాడదని చదివాను కాబట్టి నేనూ మాట్లాడలేదు. నాలుగున్నరకు పడవలో ముగ్గురున్నారు. అవతలి ఒడ్డు కనిపిస్తోంది. నేను ఏమీ చేయకుండా వదిలేయవలసిన చోటు. వదిలేశాను. అప్పుడు నల్లబడింది. ఆ ముగ్గురూ చేరారో లేదో తెలియదు.

మరునాడు తెరిచాను. మల్లిని కోట బజారులో దించారు. పక్కనే పడవ అవ్వ చేపలు అమ్ముతోంది. మల్లిని చూసి నవ్వి, "ఎక్కండి" అంది. బజారులో ఎక్కడానికి ఏముంది? అది కూడా సరిచూసుకోలేదు. మల్లి చేతిలో గడ లేదు. తర్వాత కంపెనీ నుంచి ఒక కార్డు వచ్చింది. మీ ప్రయాణం ఎలా ఉంది, నక్షత్రాలు ఇవ్వండి అని. ఒకటిచ్చాను. అభిప్రాయం రాయమన్న చోట ఇలా రాశాను: "అవ్వను తెచ్చారు. అవ్వ లేనప్పుడు దాటించినవాళ్ళను మరిచారు." వాళ్ళకది ఎంతో విలువైనదట. వెంటనే జవాబు వచ్చింది.

అవ్వను చాలాసేపు చూశాను. నువ్వు చెప్పింది నిజం. ఆమె ఎవరినీ చూడదు. మల్లి ఆమె పక్కన కొత్త బట్టల్లో నిలబడి ఉంది. ఇక ఆమె ఫోను తెరవను. ఛార్జి కూడా పెట్టను. నా పాత్ర ఉంది, నీ వీలు చూసి ఆడదాం. మూడో అధ్యాయంలో రాజు ఎందుకు అలిగాడో తేల్చాలి.

వచ్చే ఆదివారం పెనుకొండ వస్తున్నాను. డ్యూటీ లేదు. మంజులను కూడా తీసుకురా. చీర నేనే ఇస్తాను, ఆమె ఆ రోజే కట్టుకోవాలి. దాన్ని పెట్టెలోంచి ఇప్పుడే తీసి, మడతలు మార్చి ఉంచమని అత్తమ్మకు చెప్పు. పట్టు ఒకే మడత మీద ఎక్కువకాలం ఉంటే అక్కడే చిట్లుతుంది. నీకు తెలియనిది కాదు.

నంజుండప్ప